అడ్వాన్సు కట్టాక ప్రార్థన

మా రోజుల్లో ప్రార్థన ముందు, అడ్వాన్సు తర్వాత. ఇప్పుడది తిరగబడింది. అడ్వాన్సు కట్టేసి, బ్యాంకు లోను పాసై, రిజిస్ట్రేషనుకి టోకెను కూడా చేతికొచ్చాక ఫోనులో మెసేజు వస్తుంది: "వందనాలండీ, గురువారం మా ఫ్లాటు రిజిస్ట్రేషను. ఏ ఆటంకమూ రాకుండా ప్రార్థించండి." ప్రార్థిస్తాను. అడిగినవాళ్ళకి లేదనడం మా ఇంటా వంటా లేదు. కానీ మోకాళ్ళూనాక ఏమని అడగాలో తోచదు. ఈ ఇల్లు ఈ పిల్లలకి మంచిదా కాదా, ఇరవై ఏళ్ళ కంతులు వాళ్ళ మెడకి చుట్టుకోవడం నీకిష్టమేనా అని అడగాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. ఆ రోజున బిల్డరుని పిలిచారు, బ్యాంకువాళ్ళని పిలిచారు, ఆడిటరుని పిలిచారు, బావమరిదిని పిలిచారు. దేవుణ్ణి మాత్రం పిలవలేదు. అంతా నిర్ణయమయ్యాక ఆయనకి మిగిల్చిన పని ఒక్కటే, అడ్డు రాకుండా చూడటం.

నాకిది కోపం. కోపం కన్నా ఎక్కువగా బాధ.

నేను మాధవరంలో కాపురం పెట్టేనాటికి ఇది మద్రాసు కాదు. చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. మిల్క్ కాలనీ గేదెలు, న్యూజిలాండ్ సాయంతో అరవైలలో కట్టిన డెయిరీ, జీఎన్‌టీ రోడ్డు మీద నెల్లూరు వైపు పోయే లారీలు, రెట్టేరి నీళ్ళు, ఇంతే. మూలకడై దాటితే చీకటి. 2011లో మమ్మల్ని చెన్నై కార్పొరేషనులో కలిపారు. 2018లో మోఫుసిల్ బస్టాండు వచ్చింది. నెల్లూరు, తిరుపతి బస్సుల కోసం కోయంబేడు దాకా పోయే బాధ తప్పింది. మెట్రో రెండో దశలో రెండు మార్గాలు ఇక్కడి నుంచే మొదలు, ఒకటి సిప్‌కాట్‌కి, ఇంకోటి షోళింగనల్లూరుకి. 2022 అక్టోబరులో నీలగిరి అని పేరు పెట్టిన సొరంగం యంత్రం మాధవరంలోనే భూమిలోకి దిగింది. అభివృద్ధి మంచిదే, కాదనను. కానీ ఆ యంత్రం దిగినప్పటి నుంచి మా కూడికకి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఒక ప్లాను తయారైంది. స్టేషను పక్కన ఫ్లాటు, ఓఎంఆర్‌లో ఐటీ ఉద్యోగం, పిల్లాడికి ఫలానా కోచింగు, ఆ తర్వాత ఫలానా దేశం. ఏ నెలలో ఏం జరగాలో రాసి పెట్టుకుంటున్నారు. రాసుకున్నాక, దీని మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించండి అయ్యగారూ అంటున్నారు.

మా నాన్న పెరంబూరు బిన్నీ మిల్లులో పనిచేసేవాడు. 1996లో మూతపడిన మిల్లే అది. ఒంగోలు పక్క పల్లె నుంచి వచ్చినవాడు, చదువు అంతంతమాత్రం, బైబిలు మాత్రం కూడబలుక్కోకుండా చదివేవాడు. డెబ్బైలలో మిల్లువాళ్ళంతా మాధవరం వైపు స్థలాలు కొనడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం సాయంత్రం బ్రోకరు వచ్చి లేఅవుటు కాగితం ఇచ్చిపోయాడు. అప్పట్లో ఆ కాగితాలు నీలం రంగులో ఉండేవి, తెల్ల గీతలు, ఒక్కో గడిలో ఒక్కో నంబరు. మా ప్లాటు చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. మేం పిల్లలం ఆ సున్నాలో ఎక్కడ వంటిల్లు, ఎక్కడ బావి అని వేళ్ళతో కొలిచేశాం. నాన్న ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి తన బైబిలు కింద పెట్టాడు. లోపల పెట్టొచ్చుగా అని అమ్మ అడిగితే, "లోపల ఆయన మాటలున్నాయి, మన కాగితం కిందనే ఉండనీ" అన్నాడు.

ఆ తర్వాత రోజూ రాత్రి కుటుంబ ప్రార్థనలో స్థలం సంగతి వచ్చేది. ఇవ్వమని అడిగేవాడు కాదు. నీ చిత్తమేమిటో తెలియజెయ్యమనేవాడు, మాట కూడా మార్చకుండా. మా కూడికలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఆయన్నీ ప్రార్థించమన్నాడు. అమ్మ వేరే ప్రార్థించింది. బ్రోకరు రెండోసారి వచ్చినప్పుడు ఇంకా జవాబు రాలేదని పంపేశాడు. పక్కింటివాళ్ళు నవ్వారు. చివరికి ఒకరోజు పొద్దున్నే, షిఫ్టుకి బయల్దేరే ముందు, ఆ కాగితం తీసి అమ్మకిచ్చి, "తిరిగిచ్చెయ్" అన్నాడు. కంతులు కట్టాలంటే వరసగా డబుల్ షిఫ్టులు చెయ్యాలి. బుధవారం కూడిక పోతుంది, ఆదివారాలు పోతాయి, పిల్లలు తండ్రిని నిద్రపోతుండగా తప్ప చూడరు. "ప్రార్థించిన ప్రతిసారీ ఇదే ఎదురొస్తోంది. ఆయన వద్దంటున్నాడు" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ స్థలం ఇవాళ కోట్లు చేస్తుంది. దాని పక్క నుంచే ఇప్పుడు బస్సులు తిరుగుతున్నాయి. మా తమ్ముడు ఈ రోజుకీ అంటాడు, నాన్న ప్రార్థన మానేసి కొని ఉంటే మనం ఎక్కడుండేవాళ్ళమో అని. వాడి లెక్క తప్పని నేననను. డబ్బు లెక్కలో నాన్న నష్టపోయాడు. నేనీ సంగతి చెప్పేది అందుకే. ఈ రోజుల్లో సాక్ష్యాలన్నీ ఒకే తీరు, ప్రార్థించాం, స్థలం వచ్చింది, రేటు పెరిగింది, స్తోత్రం. వద్దన్నాడు, మానేశాం, నష్టపోయాం, స్తోత్రం అని మైకు ముందు ఎవరైనా చెప్పగా విని ఎన్నాళ్ళయిందో. అడగడమంటే కాదనే జవాబుకి కూడా చోటివ్వడం. ఆ చోటు లేనప్పుడు మనం చేసేది అర్జీ కూడా కాదు, తెలియజెయ్యడం మాత్రమే.

దేవుడు బుర్ర ఇచ్చింది వాడుకోమనే కదా తాతా అంటాడు మా మనవడు. మంచి ప్రశ్నే, వాడు తెలివైనవాడు. బుర్రని వద్దనేదెవరు? యెహోషువ గ్రంథంలో గిబియోనువాళ్ళ కథ వాడికి మళ్ళీ చెప్పాను. వాళ్ళు పక్క ఊరివాళ్ళే. దూరదేశం నుంచి వచ్చామని చెప్పుకోవడానికి పాత గోనెలు, చిరిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు తెచ్చుకున్నారు. ఇశ్రాయేలు పెద్దలు బుర్ర బాగానే వాడారు. అనుమానించారు, ప్రశ్నలు వేశారు, రొట్టె చూశారు. బూజు నిజంగానే ఉంది. ఆధారాలన్నీ సరిపోయాయి కాబట్టి ప్రమాణం చేసేశారు. మూడు రోజులకి అసలు సంగతి బయటపడింది. వాళ్ళు చెయ్యని పని ఒక్కటే అని లేఖనం స్పష్టంగా చెప్తుంది, దేవుణ్ణి అడగలేదు. ఆ పొరపాటు అక్కడితో పోలేదు. ప్రమాణం ప్రమాణమే కాబట్టి తరతరాలు మొయ్యాల్సి వచ్చింది. సౌలు దాన్ని మీరినందుకు దావీదు కాలంలో దేశానికి మూడేళ్ళు కరువొచ్చింది. ఇప్పటి మన పెద్దలు కూడా రొట్టెలు చూస్తారు. సర్వే నంబరు చూస్తారు, పట్టా చూస్తారు, విల్లంగం, అదే ఈసీ, చూస్తారు. చూడాల్సిందే. కానీ బూజు నిజమైనంత మాత్రాన మాట నిజం కాదని కాగితం చెప్పదు.

దావీదు సంగతి ఇంకా ఆశ్చర్యం. ఫిలిష్తీయులు రెఫాయీము లోయలోకి దిగారు. దావీదు అడిగాడు, వెళ్ళమన్నాడు, వెళ్ళి గెలిచాడు. మళ్ళీ వాళ్ళే, అదే లోయలోకి దిగారు. మనమైతే ఏం చేస్తాం? పోయినసారి వెళ్ళమన్నాడుగా అని కత్తి తీస్తాం. దావీదు మళ్ళీ అడిగాడు. ఈసారి జవాబు మారింది. ఎదురుగా పోవద్దు, వెనక నుంచి చుట్టుకుపో, చెట్ల కొనల్లో అడుగుల చప్పుడు వినపడేదాకా ఆగు. అదే శత్రువు, అదే చోటు, అదే రాజు, జవాబు మాత్రం వేరు. అనుభవం ఉన్నవాళ్ళకి ఈ కథ చాలా అవసరం. మా వయసువాళ్ళకి మరీను, ఎందుకంటే మేం దేన్నైనా ముందు చూసిందే అనుకుంటాం.

మా వాళ్ళు అడగడం ఎక్కడ నేర్చుకున్నారో కూడా చెప్పాలి. ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. మా చిన్నప్పుడు ఊరెళ్ళినప్పుడల్లా నాన్న ఎక్కించేవాడు. అమెరికా బాప్తిస్టులు 1840లో నెల్లూరులో తెలుగు మిషను పెట్టారు. ఏళ్ళు గడిచినా వేళ్ళ మీద లెక్కబెట్టే మంది తప్ప చేరలేదు. దీన్ని మూసేద్దామా అని 1853లో అమెరికాలో వాళ్ళ పెద్ద సభలో చర్చ జరిగింది. లెక్కల ప్రకారం మూసెయ్యాల్సిందే. వాళ్ళ పటంలో ఈ మిషను ఒంటరి చుక్కలా ఉండేదట, ఒంటరి చుక్క అన్న ఆ పేరే మిషనుకి నిలిచిపోయింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఐదుగురు ఒంగోలు కొండెక్కారు. మిషనరీ జ్యువెట్ దొర, ఆయన భార్య, మన తెలుగువాళ్ళు ముగ్గురు, నర్సు, జూలియా, రూతు. వాళ్ళకి ఆ ఊళ్ళో ఇల్లు లేదు, బడి లేదు, పంపడానికి మనిషి లేడు. ఒంగోలుకి ఒక మనిషిని పంపమని అడిగి దిగొచ్చారు. ఆ మనిషి, క్లౌ దొర, వచ్చి కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు. ఈ రోజు రాత్రి ప్రార్థించి రేపు పొద్దునకల్లా జవాబు రాలేదని విసుక్కునే పిల్లలకి ఆ పన్నెండేళ్ళ సంగతి మొదట చెప్తాను.

ఆ క్లౌ దొర ప్లాన్లు వెయ్యడం రానివాడు కాదు. సర్వే పని తెలిసినవాడు. 1876–78 నాటి కరువులో జనం మలమల మాడుతుంటే, బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తనే తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకి పని కల్పించాడు. ఇప్పుడు బేసిన్ బ్రిడ్జి దగ్గర నల్లగా కంపు కొడుతూ పారేది ఆ కాలవే. అక్కడెక్కడో ఉత్తరాన మా ముత్తాత దానికి మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కొలతలు, కూలి లెక్కలు, గుడిసెలు, గంజి, అన్నీ ప్లాను ప్రకారమే. కానీ ఆ కరువులో బాప్తిస్మం ఇమ్మని జనం విరగబడితే, పదిహేను నెలల పాటు ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం, బియ్యం కోసం వస్తున్నారేమోనని ఆగాడు. ఇప్పటి ఏ కమిటీ అయినా ఆ సంఖ్య చూస్తే ఆగుతుందా? రిపోర్టు పంపదా? పనులు ఆగిపోయాక, ఇవ్వడానికి ఏమీ లేదని తేల్చి చెప్పాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. దొర తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆగడం చేతనైనవాడి చేతిలో ప్లాను ఉంటే నాకు భయం లేదు.

ఇక మద్రాసులో మా తరానికి ఆ పాఠం నేర్పింది బ్రదర్ భక్త్‌సింగ్ గారు. పంజాబు సిక్కు ఇంట పుట్టి, ఇంగ్లండులో, కెనడాలో ఇంజనీరింగు చదివి, 1933లో తిరిగొచ్చి సువార్త ప్రకటనకి దిగిన మనిషి. 1941లో తన తోటివాళ్ళతో పల్లావరం కొండ మీద ఒక రాత్రంతా ప్రార్థనలో గడిపాకే ఇక్కడ యెహోవా షమ్మా అనే సంఘం పని మొదలైంది. 1950లో హైదరాబాదులో హెబ్రోను వచ్చింది. 2000 సెప్టెంబరులో పోయేదాకా ఆయనకి జీతం లేదు, చందాలడగడం లేదు. ఎవరైనా మా ఊరికి రండి అని పిలిస్తే డైరీ చూసి తేదీ చెప్పేవాడు కాదు. ప్రార్థించి చెప్తాననేవాడు, కొన్నిసార్లు రాననేవాడు. ఇప్పుడు బోధకుల తేదీలు ఏడాది ముందే నిండిపోతున్నాయి, వాల్‌పోస్టరులో ఫొటో ఎంత సైజు ఉండాలో కూడా ముందే మాట్లాడుకుంటున్నారు.

చిన్నప్పుడు నేను భక్త్‌సింగ్ గారి పెద్ద కూటాలకి వెళ్ళాను. పందిళ్ళు, చాపలు, తెలుగు, అరవం రెండు భాషల్లో తర్జుమా, పొద్దున్నుంచి రాత్రి దాకా పాటలు. వేలమందికి మూడు పూటలా భోజనం, ఎవరి దగ్గరా పైసా వసూలు లేదు. పొయ్యిల దగ్గర నాన్న కూడా పనిచేశాడు. గుండిగలో అన్నం వారుస్తుంటే పక్కన నిలబడి, రేపటికి బియ్యం ఎక్కడివని అడిగాను. రేపటి బియ్యం సంగతి అక్కడ చూసుకుంటున్నారు అని గెంటె ఉన్న చేత్తోనే పక్క పాక వైపు చూపించాడు. తడక సందుల్లోంచి చూశాను. లోపల నలుగురైదుగురు పెద్దవాళ్ళు నేల మీద మోకాళ్ళూని ఉన్నారు. తల మీద తుండుగుడ్డ కప్పుకున్న ఒకాయన భుజాలు కదులుతున్నాయి. వంటకి మనుషుల్ని పెట్టినట్టే, అడగడానికీ మనుషుల్ని పెట్టారు. అది కూడా పనిలాగే పంచుకున్నారు. ఇప్పుడు మా కూటాల్లో క్యాటరింగు కమిటీ ఉంది, లైవ్ కమిటీ ఉంది, పార్కింగు కమిటీ ఉంది.

మా కూడికలో పెద్దల మీటింగులు కూడా అలాగే ఉండేవి. మిల్లులో సైరను కూసి షిఫ్టు దిగాక, ఎవరో ఒకరింట్లో చాపల మీద కూర్చునేవాళ్ళు. ముందు ప్రార్థన అంటే అది అరనిమిషం కాదు, ఒక్కోసారి రాత్రి బండి పోయేదాకా సాగేది. సంగతి తర్వాత వచ్చేది. అందరి మనసూ ఒకటైతే సరే. ఒక్కరికి లోపల సమాధానం లేకపోయినా ఆగిపోయేవాళ్ళు, ఆ ఒక్కరు చదువురాని మనిషైనా. ఓట్లు లెక్కపెట్టడం నేను చూడలేదు. దానివల్ల ఆలస్యమయ్యేది, నిజమే. కిటికీలు లేని షెడ్డులో ఏళ్ళ తరబడి కూడుకున్నాం. కానీ ఒక నిర్ణయం జరిగాక మళ్ళీ దాని మీద గొడవ పడ్డది గుర్తు లేదు.

ఇప్పటి మీటింగు కాగితంలో మొదటి అంశం ప్రారంభ ప్రార్థన, చివరి అంశం ముగింపు ప్రార్థన. మధ్యలో ఉన్న పదకొండు అంశాల్లో ఆయన పేరు లేదు. ఈ మధ్య నేను కూర్చున్న ఒక సంఘం మీటింగులో తెర మీద బొమ్మలు వేసి చూపించారు, కొత్త మందిరం, లిఫ్టు, ఏసీ, కింద కారు పార్కింగు. బిల్డరుతో మాట అయిపోయిందట, లోను ఎంతో తేలిపోయిందట. ఆఖరున, లోను పాసవ్వాలని మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుందామన్నారు. నేను లేచి, కట్టాలా వద్దా అని ఉపవాసం ఎప్పుడు చేశారయ్యా అని అడిగాను. కట్టకపోతే ఎలా అంకుల్ అన్నాడు ఒక అబ్బాయి, మర్యాదగానే. వాడి ముఖంలో ఉన్నది పొగరు కాదు, వాడికి నిజంగానే ఆ ప్రశ్న అర్థం కాలేదు. పొగరైతే బాగుండేది, దానికి జవాబు చెప్పొచ్చు.

మరి దేవుడు ఎలా చెప్తాడు తాతా, నీకు గొంతు వినిపిస్తుందా అని కూడా మనవడు అడిగాడు. వినిపించదు. మా నాన్నకీ వినిపించలేదు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి ఎక్కడో వేలు పెట్టి, ఇదే జవాబు అనడం నాన్న అస్సలు ఒప్పుకునేవాడు కాదు. రోజూ వరసగా చదువుకుంటూ పోతుంటే అవసరమైన రోజున అవసరమైన మాట ఎదురొస్తుంది, అది మొదటిది. నీ కన్నా పెద్దవాళ్ళు, నీ ప్లానులో లాభం లేనివాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా అదే మాట అనాలి. పరిస్థితి తెరుచుకోవాలి. అన్నిటి కన్నా ముందు, నాకు కావలసిందే కావాలి అనే పట్టు నీ లోపల సడలాలి. ఎక్కువ రోజులు పట్టేది ఆ చివరిదానికే. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? ప్రవచనం చెప్తారని యూట్యూబులో నంబరు చూసి ఫోను చేస్తున్నారు, కానుక గూగుల్‌పేలో పంపిస్తున్నారు. జనవరి ఫస్టుకి వాగ్దాన కార్డు తీస్తారు. అందులో ఆశీర్వాదం వస్తే ఫ్రేము కట్టిస్తారు, గద్దింపు రాదు, ఎందుకంటే గద్దింపులున్న వచనాలు ఆ కార్డుల్లో వెయ్యరు.

ఇది మా క్రైస్తవుల ఇళ్ళలో మాత్రమే ఉన్న జబ్బు కాదు. మా వీధిలో ఒక నాయుడుగారు ఉన్నారు, నా ఈడువారే, చిత్తూరు వైపు నుంచి వచ్చినవారు. ఆయన తండ్రి కూతురికి సంబంధం చూడటానికి ముందు తిరుమల కొండకి వెళ్ళి చెప్పుకుని వచ్చేవాడట. రెడ్‌హిల్స్, పెరియపాళెయం, ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా నడిచి. నడిచినన్నాళ్ళూ మనసులో ఆ ఒక్క సంగతే తిరిగేది, తిరిగొచ్చేసరికి సగం ఆశలు దారిలోనే రాలిపోయేవి అన్నారు నాయుడుగారు. ఇప్పుడు ఆయన కొడుకు పెళ్ళి హాలు బుక్ చేసి, క్యాటరింగు మాట్లాడి, తర్వాత సెల్‌ఫోనులో మూడు వందల దర్శనం టికెట్టు ఏ తేదీకి దొరుకుతుందా అని చూస్తాడు. నాయుడుగారు, నేను దేవుణ్ణి వేరే పేర్లతో పిలుస్తాం, ఆ తేడా చిన్నది కాదు, ఇద్దరికీ తెలుసు. ఈ బాధ దగ్గర మాత్రం ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుంటాం.

ప్లాన్లు తలకిందులవడం మనం చూడనిదా? 2019 జూన్‌లో రెడ్‌హిల్స్ చెరువు అడుగు పగిలి బీటలు వారింది. చెరువు కనిపించే ఫ్లాటు అని అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు అందరూ ట్యాంకరు వెనక బిందెలు పట్టుకుని నిలబడ్డారు. మరుసటి ఏడు మార్చిలో దేశానికే తాళం పడింది. ఆ కొన్ని నెలలు నా ఫోనుకి వచ్చిన మెసేజులే వేరు, "ఏం చెయ్యాలో తెలియడం లేదండీ, అడగండి" అని. ఏం చెయ్యాలో తెలియడం లేదన్న మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. 2023 డిసెంబరు తుఫానుకి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినప్పుడు మళ్ళీ కొన్నాళ్ళు. 2025 సెప్టెంబరులో అమెరికావాళ్ళు హెచ్‌-1బి కొత్త అర్జీకి లక్ష డాలర్లు అన్నప్పుడు మా కూడికలో మూడిళ్ళలో అన్నం ముట్టలేదు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఆ తల్లిదండ్రులు బాగా ప్రార్థించారు, కన్నీళ్ళతో. పట్టాలు తప్పిన ప్లానుని మళ్ళీ పట్టాలెక్కించమని ప్రార్థించారు. అబ్బాయిని అక్కడికి పంపడం నీకిష్టమా అన్న మాట ఆ రాత్రి కూడా ఆ ఇంట్లో రాలేదు.

ప్లానే వద్దని నేననడం లేదు. బైబిలులో నెహెమ్యా రాజుగారి ముందు గిన్నె పట్టుకుని నిలబడ్డవాడు. యెరూషలేము గోడలు కూలాయని విన్నాక నెలల తరబడి ఉపవాసం ఉండి ప్రార్థించాడు. ఆ తర్వాత రాజు నీకేం కావాలని అడిగితే, ఎన్నాళ్ళు పడుతుంది, దారిలో అధికారులకి ఏ ఉత్తరాలు కావాలి, దూలాలకి కలప ఎవరివ్వాలి, అన్నీ కంఠతా వచ్చినట్టు చెప్పేశాడు. అంత పక్కా ప్లాను మోకాళ్ళ మీద తయారైంది. ఇంజనీరింగు చదివిన మా పిల్లలకి ఈ ఒక్క పుస్తకం చదవమని బతిమాలుతుంటాను, పదమూడు అధ్యాయాలే.

మొన్న మా మనవడికి రెండు చోట్ల నుంచి ఉద్యోగం లెటర్లు వచ్చాయి, ఒకటి బెంగుళూరు, ఇంకోటి ఇక్కడే. శుక్రవారంలోగా జవాబివ్వాలట. జీతం ఎక్కువున్నది బెంగుళూరే, ఇంట్లో అందరూ అదే ఖాయం అనుకున్నారు. వాడు ఆ రాత్రి నా గదిలోకి వచ్చి రెండు కాగితాలూ మంచం మీద పెట్టి, "ఏదని అడగాలి?" అన్నాడు. ఏదీ అని పేరు చెప్పకుండా అడుగుదాం రా అన్నాను. వాడు తలుపు దగ్గరగా వేసి, ఫోను హాల్లో పెట్టి వచ్చాడు. శుక్రవారానికి ఇంకా వ్యవధి ఉంది. కొత్త మందిరం కమిటీ కూడా వచ్చే నెల మళ్ళీ కూడుతుంది. ఈసారి తెర, బొమ్మలు లేకుండా, లోను మాట ఎత్తకుండా, ముందు ఒక రాత్రి చాపల మీద కూర్చుందామని రాతపూర్వకంగా ఇచ్చాను. అబ్బాయి దాన్ని అజెండాలో పన్నెండో అంశంగా వేశాడు. మొదటి అంశంగా మార్చమని ఫోను చేశాను. చూస్తానన్నాడు.